ప్రెసిడెంటుకి ఒక పద్ధతి, కమిటీకి ఇంకో పద్ధతి: మీ అసోసియేషన్‌కు ఏ ఓటింగ్ నప్పుతుంది?

పోయినేడాది మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలు జరిపించే పని నా నెత్తిన పడింది. 120 ఫ్లాట్లు, ఫ్లాటుకో చీటీ, ఐదుగురి కమిటీ. "ఏముందండీ, చీటీలు పంచడం, లెక్కపెట్టడం, అంతేగా" అన్నారు పాత సెక్రటరీ గారు. సాయంత్రం ఆరింటికి కౌంటింగ్ అయిపోయింది. ఆరుంబావుకి గొడవ మొదలైంది. ఒక ప్యానెల్‌కు ఐదుకి ఐదూ వచ్చాయి. రెండో ప్యానెల్ వాళ్లకూ ఒక్కొక్కరికి యాభై పైనే ఓట్లున్నాయి, కమిటీలో మాత్రం ఒక్క కుర్చీ లేదు. "మేం మెయింటెనెన్స్ కట్టడం లేదా?" అని ఒకావిడ నన్నే నిలదీశారు. ఒక్క చీటీ కూడా అటూ ఇటూ కాలేదు. మేం పెట్టుకున్న పద్ధతే అలాంటిది. నిజం చెప్పాలంటే, ఆ సంగతి ఆ సాయంత్రం దాకా నాకూ తెలియదు.

ఆ తర్వాత బైలాస్, అంటే సంఘం నియమావళి, సవరణ కోసం పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా కూర్చుని చూశాను. అపార్ట్‌మెంట్ కావచ్చు, కాలనీ సంక్షేమ సంఘం కావచ్చు, పూర్వ విద్యార్థుల సంఘం కావచ్చు, చిక్కులు ఒకటే. వాటి శాస్త్రీయ పేర్లు చెబితే మీటింగులో సగం మంది ఫోన్లు తీస్తారు. అందుకే మనకు అలవాటైన ఎన్నికల పేర్లతోనే పిలుస్తాను: ఎమ్మెల్యే పద్ధతి, ఎమ్మెల్సీ పద్ధతి, రాజ్యసభ పద్ధతి, వాట్సాప్ పోల్ పద్ధతి.

ముప్పై తొమ్మిది శాతం ఖరీదు ఎంత?

ముందు ఎమ్మెల్యే పద్ధతి. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, గెలిచినట్టే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నది కాబట్టి ఎన్నికంటే ఇదే అనుకుంటాం. మూడు ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొచ్చాయి, 175లో 23 సీట్లు. 2024లో అదే రాష్ట్రంలో వైసీపీకి 39 శాతం, సీట్లు 11. ఈ రెంటి మధ్య 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చిందీ 39 శాతమే. అక్కడ 119లో 64 సీట్లొచ్చి ప్రభుత్వం ఏర్పడింది.

అదే 39. ఒకచోట ముఖ్యమంత్రి కుర్చీ, ఇంకోచోట ప్రతిపక్ష హోదాకు కూడా చాలని బలం. తేడా ఎక్కడుందంటే, ఎదుటివాళ్లు ఎన్ని ముక్కలయ్యారన్న దాంట్లో. ఆంధ్రలో 2024లో మూడు పార్టీలు కూటమి కట్టి ఒకే అభ్యర్థిని నిలబెట్టాయి. పోరు ముఖాముఖి కాబట్టి, ముప్పై తొమ్మిది దాదాపు ప్రతిచోటా ఓడిపోయే అంకె అయింది. తెలంగాణలో బీఆర్‌ఎస్‌కు 37 శాతం పైన, బీజేపీకి దాదాపు 14 శాతం పోయాయి. ముక్కోణంలో ముప్పై తొమ్మిది గెలిచే అంకె. జనం మనసు ఎంత ముఖ్యమో, ఆ మనసును సీట్లలోకి మార్చే మర కూడా అంతే ముఖ్యం. మనం మర గురించి మాట్లాడుకోం, పిండి గురించే కొట్టుకుంటాం.

అలాగని ఈ పద్ధతిని తీసి పారేయనక్కర్లేదు. ఒకే కుర్చీ ఉండి, ఇద్దరే పోటీలో ఉంటే ఇంతకంటే మంచిది లేదు. లెక్క అందరికీ అర్థమవుతుంది, పది నిమిషాల్లో తేలుతుంది. మూడో మనిషి నామినేషన్ వేసిన నిమిషం నుంచే దీనికి తిప్పలు మొదలవుతాయి.

ఒక్క కుర్చీకి ముగ్గురు వస్తే

ప్రెసిడెంట్ పదవికి ముగ్గురు నిలబడ్డారనుకోండి. పాత ప్రెసిడెంట్ గారు ట్యాంకర్లు చాలంటారు. ఒకాయన ఇంకో బోరు వేయిద్దామంటారు. ఒకావిడ వాటర్ బోర్డు కనెక్షన్ కోసం తిరుగుదామంటారు. 120 ఓట్లలో పాతాయనకు 48, బోరాయనకు 41, ఆవిడకు 31. ఎమ్మెల్యే పద్ధతిలో ట్యాంకర్లు గెలిచాయి. మరి ట్యాంకర్లు వద్దన్నవాళ్లు 72 మంది ఉన్నారు కదా!

ఎమ్మెల్సీ పద్ధతిలో ఓటరు టిక్కు పెట్టడు, అంకెలు వేస్తాడు. తనకు అందరికంటే నచ్చినవారికి 1, వారు కాకపోతే 2, తర్వాత 3. మొదటి ప్రాధాన్య ఓట్లతోనే ఎవరికైనా సగం దాటితే ఆట అక్కడితో సరి. దాటకపోతే అందరికంటే తక్కువొచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల చీటీల్లో రెండో అంకె ఎవరికుందో వాళ్లకు కలుపుతారు. పై లెక్కలో ఆవిడ ఎలిమినేట్ అవుతారు. ఆవిడ 31 చీటీల్లో 24 మంది బోరాయనకు 2 వేశారు, 7 మంది పాతాయనకు. ఇప్పుడు 65, 55. బోరు గెలిచింది. ఓటర్లు వాళ్లే, ఇష్టాలు అవే. చీటీ మీద అడిగిన ప్రశ్న మారింది, గెలిచిన మనిషి మారాడు.

దీనికి దేశంలోనే పెద్ద ఉదాహరణ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య పోటీ. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. మూడో గట్టి అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరూ అందుకోలేదు. రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. దేశ్‌ముఖ్ ఓట్లు చాలావరకు సంజీవరెడ్డి వైపు వెళ్లాయి. చివరికి గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. ఎనభై ఎనిమిది వేల ఆధిక్యం పదిహేను వేల లోపుకు కరిగింది. ఎమ్మెల్యే పద్ధతిలో లెక్కపెట్టినా గిరే గెలిచేవారు, నిజమే. కానీ అప్పుడు ఆయన సగం కంటే తక్కువ ఓట్ల రాష్ట్రపతి అయ్యేవారు. ఈ పద్ధతిలో సగం గీత దాటి కూర్చున్నారు, దాటింది రెండు వేల లోపు తేడాతోనే అయినా.

కష్టం లేదా అంటే ఉంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లకు తెలుసు. వార్తాపత్రికంత బ్యాలెట్, పోలింగ్ బూత్‌లో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్. సొంత పెన్ను వాడితే చెల్లదు, టిక్కు పెడితే చెల్లదు, ఇద్దరికి 1 వేస్తే చెల్లదు. 2021లో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది పోటీ చేశారు. కౌంటింగ్ రోజుల తరబడి సాగింది, ఏజెంట్లు అక్కడే కునుకులు తీశారు. 2025లో మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ పట్టభద్రుల స్థానంలో పోలైన రెండున్నర లక్షల ఓట్లలో 28 వేలకు పైగా చెల్లకుండా పోయాయి. అంటే తొమ్మిది మందిలో ఒకరి ఓటు చెత్తబుట్టలో పడింది. ఓటేసినవాళ్లందరూ డిగ్రీ చదివినవాళ్లే! దామాషా పద్ధతి, అంటే ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే పద్ధతి, అడిగినవాళ్లకు రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇచ్చిన జవాబుల్లో జనానికి అక్షరాస్యత చాలదన్నది ఒకటి. ఆ రోజుకు అది సరైన మాటే. కానీ ఈ 28 వేలు చూశాక నాకనిపించింది, ఇది చదువుకు సంబంధించింది కాదు, అలవాటుకు సంబంధించింది. ఆరేళ్లకోసారి వచ్చే చీటీ మీద చెయ్యి తనకు తెలిసిన టిక్కే పెడుతుంది.

అందుకని మీ సంఘంలో ఈ పద్ధతి పెడితే రెండు పనులు చెయ్యండి. పోలింగ్‌కు ముందు ఒక నమూనా చీటీని లిఫ్టు పక్కన అతికించండి, అంకెలు వేసి చూపించి. రెండోది, ఒక్కరికే టిక్కు పెట్టి ఇంకేమీ రాయని చీటీని 1 కింద లెక్కేస్తామని బైలాస్‌లోనే రాసుకోండి. మనం ఎన్నికల సంఘం కాదు. ఓటరు ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు చీటీ కొట్టేయడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇంకో లోపం కూడా ఉంది, దీన్ని మెచ్చుకునేవాళ్లు చెప్పరు. అందరికీ రెండో ఇష్టమైన మనిషి మొదట్లోనే ఎగిరిపోతాడు. ఒకరికి 50, ఒకరికి 45, మధ్యస్థంగా ఉండే మనిషికి 25. ఆ రెండు వర్గాలకూ ఒకరంటే ఒకరికి పడదు, మధ్యాయన మాత్రం ఇద్దరికీ ఫర్వాలేదు. ఆయనతో విడివిడిగా ముఖాముఖి పెడితే ఎవరితోనైనా ఆయనే గెలుస్తాడు. కానీ మొదటి రౌండ్‌లో ఆయనే ఇంటికి. గొడవలతో రెండుగా చీలిపోయిన అపార్ట్‌మెంట్‌కు కావలసింది ఇలాంటి మనిషే.

అలాంటి చోట వాట్సాప్ పోల్ పద్ధతి మేలు. పిక్నిక్ తేదీకి మనం గ్రూపులో పోల్ పెడతాం కదా, వీలున్న తేదీలన్నిటికీ నొక్కొచ్చు. ఇదీ అంతే: మీకు ఒప్పుకోదగ్గ అభ్యర్థులందరికీ టిక్కు పెట్టండి, ఎక్కువ టిక్కులొచ్చినవారు ప్రెసిడెంట్. అంకెలు లేవు, ఎలిమినేషన్ లేదు, చెల్లని ఓటంటూ దాదాపు ఉండదు. మధ్యాయన ఇక్కడ బతికి బట్టకడతాడు. అందరికీ మంచిగా ఉంటూ ఏ పనీ ముట్టుకోని మనిషి కూడా ఇందులో బాగానే గెలుస్తాడన్నది దీని బలహీనత. ఇక ఫ్రాన్సు అధ్యక్షుడి ఎన్నికలో లాగా మొదటి ఇద్దరికీ మళ్లీ పోలింగ్ పెట్టే పద్ధతి ఉంది. దేశాలకు బాగుంటుందేమో, అపార్ట్‌మెంట్‌లో రెండో ఆదివారం పిలిస్తే సగం మంది రారు. దాన్ని వదిలేద్దాం.

నా ఓటు: ఇద్దరే ఉంటే ఎమ్మెల్యే పద్ధతి. ముగ్గురు, అంతకంటే ఎక్కువ ఉంటే ఎమ్మెల్సీ పద్ధతి. పగలు, పంతాలు బాగా ముదిరిన చోట వాట్సాప్ పోల్ పద్ధతి, కానీ వాట్సాప్‌లో కాదు. అందులో ఎవరు దేనికి నొక్కారో అందరికీ కనిపిస్తుంది. కాగితం మీద పెట్టండి.

కమిటీకి మాత్రం ప్యానెల్ పద్ధతి వద్దు

ఐదు సీట్లుంటే ఓటరుకు ఐదు ఓట్లు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! మా అపార్ట్‌మెంట్ కొంప ముంచింది ఇదే. మా లెక్క ఇలా ఉంది: ఒక ప్యానెల్ వైపు 65 ఫ్లాట్లు, రెండో వైపు 55. ఆ 65 మందీ తమ ఐదుగురికీ వరసగా వేసేశారు, ఐదుగురికీ 65. ఈ 55 మంది తమ ఐదుగురికి వేశారు, ఐదుగురికీ 55. ఫలితం ఐదు, సున్నా. సగానికి ఐదు ఫ్లాట్లు ఎక్కువుంటే చాలు, మొత్తం కమిటీ వాళ్లదే. మిగతా 55 ఫ్లాట్లు రెండేళ్లపాటు వాట్సాప్ గ్రూపులో పోరాడాల్సిందే.

ఒక నియోజకవర్గానికి రెండు సీట్లు, ఓటరుకు రెండు ఓట్లు అనేది మన దేశంలో చట్టసభలకూ ఉండేది. 1952, 1957 ఎన్నికల్లో చాలా చోట్ల ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు కలిపి ఒకే నియోజకవర్గం. రెండు ఓట్లూ ఒకరికే వెయ్యడానికి లేదు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం అలాంటిదే, రిజర్వుడు సీటు ఎస్టీలకు. నలుగురు పోటీ. అందులో ఒకరు అప్పటికే కేంద్ర మంత్రిగా పనిచేసిన వి.వి.గిరి. పైన చెప్పిన గిరి గారే. లెక్క వరస ఇది: ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారికి రిజర్వుడు సీటు. తర్వాత మిగిలిన అందరిలో, ఎస్టీ అయినా కాకపోయినా, ఎక్కువ ఓట్లొచ్చినవారికి జనరల్ సీటు. రిజర్వుడు సీటు సత్యనారాయణ దొరకు వెళ్లింది. జనరల్ సీటులో సూరి దొర, ఆయనా గిరిజనుడే, గిరిని దాటేశారు. తేడా ఆరు వందల ఓట్లు కూడా లేదు. రిజర్వుడు సీటుకు నిలబడ్డ మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి కోర్టుకెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు కాదంది. 1961లో చట్టం చేసి జోడు సీట్ల నియోజకవర్గాలనే ఎత్తేశారు.

కోర్టు చెప్పింది సబబుగానే ఉందని నాకనిపిస్తుంది. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదని, ఇంతకు మించకూడదని కాదు. దీని నుంచి మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కమిటీలో ఇద్దరు మహిళలు ఉండాలని రాసుకుంటే, "కనీసం ఇద్దరు" అని రాయండి. ముందు మహిళల సీట్లు నింపి తర్వాత మిగతావి నింపుతారా, లేక ముందు అందరినీ కలిపి లెక్కేసి తక్కువైతేనే సర్దుతారా, అది కూడా రాయండి. ఓట్లు అవే ఉన్నా వరస మారితే మనిషి మారిపోతాడు.

ప్యానెల్ పద్ధతికి బదులు ఏం పెట్టాలి? ముందు రాజ్యసభ పద్ధతి. ఇక్కడా అంకెలే, కానీ గెలవడానికి సగం అక్కర్లేదు, కోటా చాలు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ నుంచి మూడు రాజ్యసభ సీట్లకు ఎన్నిక వచ్చింది. 119 మంది ఎమ్మెల్యేలు. మూడుకు ఒకటి కలిపి నాలుగుతో భాగిస్తే దాదాపు ముప్పై. ముప్పై మంది మొదటి ఓటు వేస్తే ఒక సీటు. కాంగ్రెస్‌కు 64 మంది, అంటే రెండు. బీఆర్‌ఎస్‌కు 39 మంది, అంటే ఒకటి. ఈ లెక్క అందరికీ ముందే తెలుసు కాబట్టి నాలుగో నామినేషన్ నిలవలేదు, పోలింగే అక్కర్లేకపోయింది. అదే ప్యానెల్ పద్ధతి పెట్టి ఉంటే 64 మందీ మూడేసి ఓట్లు వేసి మూడూ పట్టుకుపోయేవారు.

మా 120 ఫ్లాట్లకు వేసి చూద్దాం. ఐదు సీట్లు, ఒకటి కలిపితే ఆరు. 120ని ఆరుతో భాగిస్తే 20, ఇంకొకటి కలిపి కోటా 21. ఎందుకు ఆరు అంటే, 21 చొప్పున ఐదుగురు దాటితే 105 అయిపోతాయి, ఆరో మనిషికి మిగిలేవి 15, ఆయన దాటలేడు. 65 ఫ్లాట్ల వాళ్లకు మూడు కోటాలు నిండుతాయి, 55 వాళ్లకు రెండు. మూడు, రెండు. ఆ సాయంత్రం ఈ లెక్క నా దగ్గరుంటే ఆ గొడవే ఉండేది కాదు.

ఒకరికి కోటా కంటే ఎక్కువొస్తే? 35 వచ్చాయనుకోండి, 14 ఎక్కువ. ఆ 35 చీటీల రెండో అంకెలు చూసి, ఒక్కో చీటీకి 14ని 35తో భాగించగా వచ్చే 0.4 విలువ కట్టి, పక్కవాళ్లకు పంచుతారు. మీటింగులో ఇదొక్కటే జనాలను భయపెట్టే చోటు. మా దగ్గర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు కాబట్టి టెన్షన్ లేదు. మీ దగ్గర లేకపోతే ఎక్సెల్ తెలిసిన పిల్లవాణ్ణి ఎవరినైనా కూర్చోబెట్టండి.

"ఇంత తలనొప్పి ఎందుకు, సీట్లు ఐదైనా మనిషికి ఒకే ఓటు పెట్టి, ఎక్కువొచ్చిన ఐదుగురిని తీసుకుందాం" అంటారు కొందరు. తేలికే, కానీ జూదం. 65 ఫ్లాట్ల ప్యానెల్‌లో ఒకాయన అందరికీ తల్లో నాలుక. ఆయనకే 40 పడ్డాయి, మిగతా నలుగురికి 7, 6, 6, 6. ఇవతలి 55 మంది ముందే కూడబలుక్కుని నలుగురినే నిలబెట్టి 14, 14, 14, 13గా పంచుకున్నారు. తక్కువ ఫ్లాట్ల వాళ్లకు నాలుగు సీట్లు, ఎక్కువ ఫ్లాట్ల వాళ్లకు ఒకటి. మంచి పేరున్న మనిషి తన ప్యానెల్‌కే శాపమయ్యాడు.

మూడో దారి వార్డుల పద్ధతి, అంటే బ్లాకుకొకరు. సమస్యలు బ్లాకును బట్టి ఉంటే ఇది బాగుంటుంది: బి బ్లాకులో లిఫ్టు మొరాయిస్తుంది, సి బ్లాకులో సెల్లార్ లీకవుతుంది. కానీ ప్రతి బ్లాకులోనూ ఒకే వర్గానికి కాస్త మొగ్గుంటే మళ్లీ ఐదు, సున్నాయే. బ్లాకుల సైజు కూడా చూసుకోండి. లోక్‌సభలో మల్కాజ్‌గిరి ఓటర్లు 30 లక్షలు దాటిపోయారు, లక్షద్వీప్‌లో 60 వేల లోపు. ఇద్దరికీ ఒక్కొక్క ఎంపీయే. దీవికి అది తప్పదు. ఎనిమిది ఫ్లాట్ల బ్లాకుకూ నలభై ఫ్లాట్ల బ్లాకుకూ సమానంగా ఒక్కో సీటివ్వడానికి మనకు అలాంటి సాకు లేదు.

రాజ్యసభ పద్ధతిలో చిన్న గుంపుకు చోటు దొరుకుతుంది, మరీ చిన్న గుంపుకు దొరకదు. ఆంధ్రలో మూడు ఖాళీలు వస్తే ఒక్కో సీటుకు 44 మంది ఎమ్మెల్యేలు కావాలి. 39 శాతం ఓట్లు తెచ్చుకుని 11 మందితో మిగిలిన పార్టీకి అక్కడ సున్నా. ఒక మరలో నలిగింది ఇంకో మరలో పడి పొడైంది. అందుకే కమిటీ నుంచి సబ్ కమిటీలను వేసేటప్పుడు మళ్లీ ఎమ్మెల్యే పద్ధతి వాడకండి.

ప్రెసిడెంటును ఎవరు ఎన్నుకోవాలి?

సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఎంపీపీ, జడ్పీ చైర్‌పర్సన్లను సభ్యులే. రెండో దారిలో క్యాంపు రాజకీయం తప్పదు. ఎంపీటీసీలను బస్సెక్కించి రిసార్టుకు తీసుకెళ్లడం, ఓటింగ్ రోజు తిన్నగా ఆఫీసు గేటు దగ్గర దింపడం మనం చూడనిదేం కాదు. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ఎవరికీ సగం లేదు. మేయర్ ఎవరన్నది ఓటర్లు కాదు, ఫలితాల తర్వాత కార్పొరేటర్ల సమావేశం తేల్చింది. మజ్లిస్ మద్దతుతో టీఆర్‌ఎస్ అభ్యర్థి గెలిచారు.

మరి నేరుగా ఎన్నుకుంటే? తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. సర్పంచ్ ఊరి ఓటుతో వచ్చినవారు, ఉప సర్పంచ్ వార్డు సభ్యుల ఓటుతో వచ్చినవారు. ఇద్దరికీ పడకపోతే చెక్కు మీద రెండో సంతకం పడదు, వీధి దీపం వెలగదు. మన దగ్గర ప్రెసిడెంట్, ట్రెజరర్ అంటే సరిగ్గా ఇదే. నా సలహా ఏమిటంటే, ఇద్దరినీ ఒకే దారిలో తెచ్చుకోండి. పది, ఇరవై ఫ్లాట్ల చోట కమిటీయే తనలోంచి ఎన్నుకుంటే సరిపోతుంది. వంద దాటితే ఇద్దరినీ నేరుగా ఎన్నుకోవడం మంచిది.

చేతులెత్తడం, ఏకగ్రీవం, చీటీ తీయడం

రాజ్యసభ ఎన్నికలో 2003 నుంచి ఓటు బహిరంగం, ఎమ్మెల్యే తన చీటీని పార్టీ ఏజెంటుకు చూపించి వెయ్యాలి. క్రాస్ ఓటింగ్ ఆపడానికి పెట్టారు. అయినా 2024లో హిమాచల్‌లో కొందరు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఏజెంటుకు చూపించి మరీ ఎదుటి పార్టీకి వేశారు. మనకు పార్టీలు లేవు, విప్ లేదు. చేతులెత్తడమంటే పక్క ఫ్లాటాయన చూస్తుండగా ఓటేయడం. ట్యాంకర్ల కాంట్రాక్టు ఎవరి బావమరిదిదో అందరికీ తెలిసిన చోట ఎన్ని చేతులు లేస్తాయి? రహస్య బ్యాలెట్ ఒక్కటి పెట్టండి, మిగతా పద్ధతులన్నీ సగం బాగుపడతాయి.

ఏకగ్రీవం మనవాళ్లకు మహా ఇష్టం. ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలే నజరానాలు ప్రకటిస్తాయి. 1969లో రెండో ప్రాధాన్య ఓట్ల దాకా పోరాడి ఓడిన సంజీవరెడ్డి, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. మిగతా నామినేషన్లన్నీ తిరస్కరణకు గురయ్యాయి, బరిలో మిగిలింది ఆయనొక్కరే. ఆ పదవికి అలా ఎన్నికైనవారు ఇప్పటికీ ఆయనే. పెద్దమనిషిని అందరూ ఒప్పుకుంటే సంతోషమే. మా దగ్గర ఏకగ్రీవం అంటే గట్టిగా మాట్లాడేవాళ్లు ముగ్గురు ముందే అనుకుని రావడం. ఒక్కరే నిలబడినా అవునా, కాదా అని చీటీ పెట్టమని నా పట్టు.

ఓటు ఎవరిదన్న సంగతి ఇంకా ముందు తేలాలి. ఫ్లాటుకు ఒక ఓటంటే, మా పోలింగ్ రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇంటి నీళ్ల మోటారు ఎప్పుడు ఆగుతుందో తెలిసినావిడ మేడ మీదే ఉండిపోయింది. అద్దెకున్నవాళ్లు మెయింటెనెన్స్ కడతారు, ఓటుండదు. ఓనరు అమెరికాలో ఉంటాడు, ఓటు ఆయనది. పెయింటింగ్ లాంటి పెద్ద ఖర్చులకు ఓనర్ల ఓటు, రోజువారీ కమిటీకి ఉంటున్నవాళ్ల ఓటు అని విడదీస్తే కొంత నయం. దీనికి మీరు రిజిస్టరయిన చట్టం, మీ బైలాస్ ఏం ఒప్పుకుంటాయో ముందు చూసుకోండి.

ఓట్లు సమానమైతే చీటీ తీయాలి, అదీ ముందే రాసుకోవాలి. పైన చెప్పిన 2024 హిమాచల్ రాజ్యసభ ఎన్నికలోనే కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ సింఘ్వీ, బీజేపీ అభ్యర్థి హర్ష్ మహాజన్ 34, 34 దగ్గర ఆగారు. చీటీలో సింఘ్వీ పేరొచ్చింది. మామూలుగా అయితే పేరొచ్చినవారు గెలిచినట్టు. అక్కడ అమలు చేసిన నియమం ప్రకారం పేరొచ్చినవారు బయటికి. ఆయన ఓడిపోయారు. తర్వాత అదే ఏడాది తెలంగాణ నుంచి రాజ్యసభకు వెళ్లారు. మా దగ్గర సమానం రాలేదు కాబట్టి బతికిపోయాం. వచ్చుంటే చీటీ తీసే పిల్లాడు ఏ బ్లాకువాడన్న దగ్గర ఇంకో గొడవ.

మా సవరణ రాయడం పూర్తయింది: ప్రెసిడెంట్, ట్రెజరర్‌లకు ఎమ్మెల్సీ పద్ధతి, కమిటీకి రాజ్యసభ పద్ధతి, అన్నీ రహస్య బ్యాలెట్, మహిళలు కనీసం ఇద్దరు. వచ్చే జనరల్ బాడీలో పెడుతున్నాం. అది ఆమోదం పొందాలంటే మాత్రం ఇప్పటికి అమల్లో ఉన్నది పాత రూలే, చేతులెత్తాలి. ట్యాంకర్ల బావగారు ఎప్పుడూ ముందు వరసలోనే, జనం వైపు తిరిగి కూర్చుంటారు.